ఏ పదార్థానికి ఎంత కాపలా? అణు, రేడియోధార్మిక పదార్థాల రక్షణ వర్గీకరణ చరిత్ర

గత యూనిట్‌లో రెండో ప్రపంచయుద్ధం తరవాత అగ్రరాజ్యాల మధ్య సాగిన అణ్వాయుధ పోటీ గురించి చదివారు. అక్కడ మన దృష్టంతా బాంబుల మీద, ఒప్పందాల మీద, దేశాధినేతల మీద ఉంది. ఈ యూనిట్‌లో దృష్టిని కొంచెం కిందికి దించుదాం. బాంబు తయారయ్యే పదార్థం ఎక్కడ ఉంటుంది? దానికి తాళం ఎవరు వేస్తారు? ఆసుపత్రిలో క్యాన్సర్ చికిత్సకు వాడే కోబాల్ట్‌కు, అణు రియాక్టర్‌లో వాడే ఇంధనానికి ఒకే రకం కాపలా సరిపోతుందా? సరిపోకపోతే దేనికి ఎంత అని ఎవరు, ఎప్పుడు, ఏ లెక్కన నిర్ణయించారు?

ఇది సైన్సు పాఠం కదా, చరిత్ర పుస్తకంలో ఎందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను చరిత్ర అధ్యాపకుణ్ణి, భౌతికశాస్త్రంతో నా పరిచయం ఇంటర్మీడియట్‌తోనే ఆగిపోయింది. అయినా ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ వర్గీకరణ పట్టికల్లోని ప్రతి అంకె వెనక ఒక భయమో, ఒక ప్రమాదమో, ఒక చావో ఉంది. వాటిని వరసగా చదివితే 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో రాజ్యాలు దేనికి భయపడ్డాయో, దేన్ని పట్టించుకోలేదో తెలుస్తుంది.

ముందుగా ఒక మాట గురించి. తెలుగులో మనం అన్నింటికీ "భద్రత" అనే వాడతాం. ఈ రంగంలో రెండు వేరు వేరు పనులున్నాయి. పదార్థం వల్ల మనుషులకు హాని కలగకుండా చూడటం ఒకటి. చెడు ఉద్దేశం ఉన్న మనుషుల చేతికి పదార్థం చిక్కకుండా చూడటం రెండోది. ఈ పాఠంలో మొదటిదాన్ని భద్రత అని, రెండోదాన్ని రక్షణ అని పిలుచుకుందాం. చదువుతూ పోతే ఈ రెండింటి మధ్య గీత ఎంత పలచనిదో మీకే తెలుస్తుంది.

1. బాంబు భయంలో పుట్టిన పట్టిక

1953 డిసెంబర్ 8న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో "శాంతికోసం అణువు" ప్రసంగం చేశాడు. అణుశక్తిని విద్యుత్తుకు, వైద్యానికి, వ్యవసాయానికి వాడుకుందామని, అందుకు ఒక అంతర్జాతీయ సంస్థ కావాలని ప్రతిపాదించాడు. ఆ సంస్థ 1957లో వియన్నా కేంద్రంగా ఏర్పడింది. అదే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ. ఆ తరవాతి పదిహేనేళ్లలో పరిశోధక రియాక్టర్లు, వాటి ఇంధనం, ఆ ఇంధనం తయారుచేసే పరిజ్ఞానం ఎన్నో దేశాలకు చేరాయి.

అప్పట్లో అందరి ఆందోళనా ఒకటే: ఏదైనా ప్రభుత్వం శాంతి పేరు చెప్పి తెచ్చుకున్న పదార్థాన్ని బాంబుకు మళ్లిస్తుందేమో. అందుకే తనిఖీలన్నీ ప్రభుత్వాల లెక్కల మీదే నడిచాయి. ఎవరో కొందరు గోడ దూకి పదార్థాన్ని ఎత్తుకుపోతారన్న ఊహ ఎక్కువమందికి రాలేదు. అమెరికాలో బాంబుల రూపకల్పనలో పనిచేసిన థియొడోర్ టేలర్ అనే భౌతికశాస్త్రవేత్త మాత్రం ఈ ఊహతో నిద్రపట్టనివాడయ్యాడు. ప్రైవేటు కర్మాగారాల్లో, సాధారణ లారీల్లో ఆయుధయోగ్యమైన పదార్థం తిరుగుతోందని, ప్రభుత్వం కాని బృందాలు కూడా దాన్ని వాడుకోగలవని ఆయన హెచ్చరించాడు. 1974లో మేసన్ విల్‌రిచ్‌తో కలిసి అణు చౌర్యం మీద రాసిన పుస్తకం పెద్ద చర్చ లేపింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ హత్యాకాండ, వరస విమాన హైజాకింగులు జనం మనసుల్లో ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1972లో నిపుణుల చేత భౌతిక రక్షణపై కొన్ని సిఫార్సులు రాయించింది. వాటినే సవరించి 1975లో ఇన్‌ఫ్‌సర్క్ 225 అనే పత్రంగా విడుదల చేసింది. ఆ పత్రంలోని పట్టిక చిన్నచిన్న మార్పులతో నేటికీ నడుస్తోంది. దాని ప్రకారం అణు పదార్థాలు మూడు కేటగిరీలు.

ప్లుటోనియం 2 కిలోలు, అంతకు మించి ఒకచోట ఉంటే మొదటి కేటగిరీ. 2 కిలోల లోపు, 500 గ్రాముల పైన అయితే రెండోది. 500 గ్రాములు, అంతకంటే తక్కువ ఉండి 15 గ్రాములు దాటితే మూడోది. యురేనియంలో చూడవలసింది యురేనియం-235 అనే ఐసోటోపు. సహజ యురేనియంలో ఇది 0.7 శాతమే ఉంటుంది. దీన్ని 20 శాతానికి, అంతకు మించి పెంచితే దాన్ని అత్యధిక సుసంపన్న యురేనియం అంటారు. అందులో యురేనియం-235 బరువు 5 కిలోలు, ఆ పైన ఉంటే మొదటి కేటగిరీ. 5 కిలోల లోపు, 1 కిలో పైన రెండోది. 1 కిలో, అంతకు తక్కువ ఉండి 15 గ్రాములు దాటితే మూడోది. 20 శాతం కంటే తక్కువ సుసంపన్నమైన యురేనియం ఎంత ఉన్నా మొదటి కేటగిరీలోకి రాదు. 10 శాతం కంటే తక్కువదైతే 10 కిలోలు దాటినా మూడో కేటగిరీలోనే ఉంటుంది.

ఈ అంకెలు ఎక్కడివి? నాగసాకి మీద వేసిన బాంబులో సుమారు 6 కిలోల ప్లుటోనియం ఉంది. హద్దును 2 కిలోల దగ్గర పెట్టారంటే, ఒక్కసారి దొంగిలిస్తే ఒక బాంబుకు సరిపోయే మొత్తం కంటే చాలా ముందే అత్యున్నత రక్షణ మొదలుకావాలని అర్థం. వర్గీకరణకు ఆధారం పదార్థం ఎంత విషపూరితం అన్నది కాదు. దానితో బాంబు చేయడం ఎంత సులువు అన్నదే ఆధారం. అందుకే ఇందులో ఒక వింత కనిపిస్తుంది. రియాక్టర్ నుంచి తీసిన వాడిన ఇంధనం దగ్గర నిలబడితే మనిషి బతకడు. కాని తాజా ఇంధనం కంటే దానికి కేటగిరీ ఒక మెట్టు తగ్గించుకునే వీలును పట్టికే ఇచ్చింది. కవచం లేకుండా మీటరు దూరంలో గంటకు 1 గ్రే మించి వికిరణం వెలువడుతుంటే దొంగ దాన్ని ముట్టుకోలేడు, అదే తనకు కాపలా కాసుకుంటుంది అన్నది ఆ ఆలోచన. ప్రాణాలు వదులుకోవడానికి సిద్ధపడి వచ్చేవాడు ఆనాటి నిపుణుల ఊహలో లేడు. 2001 తరవాత ఈ మినహాయింపు మీద చాలా విమర్శ వచ్చింది.

మన ప్రాంతం నుంచి ఒక ఉదాహరణ చూద్దాం. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వే యురేనియం సహజమైనది. హైదరాబాద్‌లో 1971లో ఏర్పడిన అణు ఇంధన సముదాయంలో మన భారజల రియాక్టర్ల కోసం తయారయ్యే ఇంధనం కూడా ప్రధానంగా సహజ యురేనియమే. పై మూడు కేటగిరీల్లో ఏదీ దీనికి వర్తించదు. మంచి నిర్వహణ పద్ధతుల ప్రకారం చూసుకుంటే చాలన్నది సిఫార్సు. మౌలాలి మీదుగా వెళ్తూ ఆ ప్రహరీ గోడల్ని చూసి లోపల బాంబుల సరుకుందనుకునే విద్యార్థులు నాకు ఏటా తగిలేవారు. వారికి ఈ పట్టికే జవాబు.

సిఫార్సులకు చట్టబలం ఉండదు. ఆ లోటు తీర్చడానికి అణు పదార్థాల భౌతిక రక్షణ ఒప్పందం 1980లో సంతకాలకు వచ్చి, 1987లో అమల్లోకి వచ్చింది. పై పట్టికనే ఈ ఒప్పందం అనుబంధంగా చేర్చుకుంది. అయితే రక్షణ ప్రమాణాల విషయంలో ఇది ప్రధానంగా దేశాల మధ్య రవాణాకే పరిమితమైంది. దేశం లోపల గిడ్డంగిలో ఉన్న పదార్థం సంగతి ఆ దేశం ఇష్టం. ఆ వెలితిని పూడ్చే సవరణ 2005లో ఆమోదం పొంది, 2016 మేలో అమల్లోకి వచ్చింది. మన దేశం 2002లో ఒప్పందంలో చేరింది, 2007లో సవరణను ఆమోదించింది. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఈ ఏర్పాటంతా శాంతియుత అవసరాల పదార్థానికే. ప్రపంచంలోని ఆయుధయోగ్య పదార్థంలో అధికభాగం సైన్యాల చేతుల్లో ఉంది. దాని మీద ఈ ఒప్పందం చెల్లదు.

2. కంచెలో కన్నం

పట్టిక ఎంత చక్కగా ఉన్నా, దాన్ని అమలు చేసే రాజ్యమే కూలిపోతే? 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. అక్కడి రక్షణ వ్యవస్థ మూసిన నగరాల మీద, నిఘా సంస్థల మీద, భయం మీద ఆధారపడినది. జీతాలు ఆగిపోయాక, భయం పోయాక మిగిలినవి తుప్పుపట్టిన తాళాలే.

1992లో మాస్కో దగ్గరి పొదోల్స్క్‌లో ఒక పరిశోధన కర్మాగారం ఉద్యోగి సుమారు ఒకటిన్నర కిలోల అత్యధిక సుసంపన్న యురేనియంతో పట్టుబడ్డాడు. అతను దాన్ని ఒక్కసారిగా తీసుకోలేదు. ఉత్పత్తిలో కొంత తరుగు పోవడం మామూలే కాబట్టి, లెక్కల్లో అనుమతించిన ఆ తరుగు పరిమితిలోపే నెలల తరబడి కొద్దికొద్దిగా ఇంటికి తీసుకెళ్లాడు. మన రేషన్ గిడ్డంగుల్లో తరుగు పేరిట ఏం జరుగుతుందో తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. 1993 నవంబర్‌లో ముర్మాన్స్క్ దగ్గరి సెవ్‌మోర్‌పుత్ నౌకాకేంద్రంలో కంచెలోని కన్నంలోంచి దూరి, తాళం విరగ్గొట్టి, జలాంతర్గాముల ఇంధనం నుంచి సుమారు నాలుగున్నర కిలోల సుసంపన్న యురేనియం ఎత్తుకుపోయారు. ఆ కేసు చూసిన సైనిక ప్రాసిక్యూటర్ బంగాళాదుంపలకైనా ఇంతకంటే మంచి కాపలా ఉంటుందని వ్యాఖ్యానించినట్టు తరవాతి రచనలన్నీ చెబుతాయి.

1994 ఆగస్టులో మ్యూనిక్ విమానాశ్రయంలో మాస్కో నుంచి వచ్చిన సూట్‌కేసులో సుమారు 363 గ్రాముల ప్లుటోనియం దొరికింది. జర్మనీ గూఢచారులే కొనుగోలుదారుల వేషం వేసి దీన్ని రప్పించారన్న ఆరోపణపై ఆ దేశ పార్లమెంటు విచారణ కూడా జరిపింది. అదే ఏడాది డిసెంబర్‌లో ప్రాగ్‌లో ఒక కారులో 2.7 కిలోల అత్యధిక సుసంపన్న యురేనియం పట్టుబడింది.

ఇప్పుడు మొదటి పట్టిక తీసి ఈ పరిమాణాలను సరిచూడండి. మ్యూనిక్‌లో దొరికింది మూడో కేటగిరీ. పొదోల్స్క్, ప్రాగ్ సరుకు రెండో కేటగిరీ. అంటే దొంగలు పట్టుబడిన చోట పరిమాణం ఎప్పుడూ మొదటి కేటగిరీ కంటే కిందే ఉంది. కాని అది వచ్చిన చోట ఎంత ఉందో, ఇంకెన్నిసార్లు బయటికి వెళ్లిందో ఆ అంకె చెప్పదు. కేటగిరీ ఒకచోట ఉన్న మొత్తాన్ని చూస్తుంది. దొంగతనం కాలక్రమంలో జరుగుతుంది. కాబట్టి తూకం, లెక్క, నిల్వల పోలిక లేని కాపలా చాలదన్న గుర్తింపు 1990లలోనే బలపడింది. 1999లోనూ, 2011లోనూ పత్రాన్ని సవరించినప్పుడు లోపలి ఉద్యోగి వల్ల వచ్చే ప్రమాదానికి ఎక్కువ చోటు దక్కింది.

3. పట్టికలో లేని పదార్థం

ఇంతవరకు చెప్పిన కథ బాంబు చుట్టూ తిరిగింది. ఇప్పుడు బాంబుకు ఏమాత్రం పనికిరాని పదార్థాల దగ్గరికి వద్దాం. మన పల్లెల్లో క్యాన్సర్ రోగికి "కరెంటు పెట్టించారు" అంటారు. ఆ కరెంటు చాలాకాలం కోబాల్ట్-60 నుంచి, కొన్ని దేశాల్లో సీసియం-137 నుంచి వచ్చిన గామా కిరణాలే. ఇవి ఏ ప్రభుత్వానికీ సైనిక రహస్యాలు కావు. అందుకే ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో, విశ్వవిద్యాలయాల్లో వైద్య పరికరాలుగా, యంత్రాలుగా మాత్రమే నమోదయ్యాయి.

బ్రెజిల్‌లోని గొయానియా నగరంలో ఒక రేడియోథెరపీ సంస్థ 1985 చివర్లో వేరే చోటికి మారింది. సీసియం యంత్రాన్ని పాత భవనంలోనే వదిలేసింది. ఆ భవనం సగం కూలగొట్టి, తలుపుల్లేకుండా పడి ఉంది. 1987 సెప్టెంబర్ 13న ఇద్దరు యువకులు పాత ఇనుము కోసం లోపలికి వెళ్లి యంత్రం తలభాగాన్ని ఊడదీసి తోపుడు బండిలో వేసుకుపోయారు. కొద్దిరోజుల్లో అది పాత సామాన్ల కొట్టుకు చేరింది. లోపల 93 గ్రాముల సీసియం క్లోరైడ్ పొడి ఉంది. చీకట్లో అది నీలంగా మెరిసింది. కొట్టు యజమాని దాన్ని విలువైన వస్తువో, మహిమగల వస్తువో అనుకున్నాడు. బియ్యపు గింజంత ముక్కలు బంధువులకు, స్నేహితులకు పంచాడు. కొందరు ఒంటికి రాసుకున్నారు. ఆరేళ్ల పాప దాన్ని చేత్తో ముట్టుకుని అదే చేత్తో తిండి తిన్నది.

ఇంట్లో అందరికీ వాంతులు మొదలయ్యాయి. అనుమానం వచ్చింది కొట్టు యజమాని భార్యకు. సెప్టెంబర్ 28న ఆమె మిగిలిన ముక్కల్ని సంచిలో వేయించి, సిటీ బస్సులో ఆరోగ్య కార్యాలయానికి తీసుకెళ్లి, ఇదే మా వాళ్లను చంపుతోందని చెప్పింది. మర్నాడు ఒక భౌతికశాస్త్రవేత్త పరికరంతో వచ్చి నిర్ధారించాడు. ఆమె, ఆ పాప, కొట్టులో పనిచేసే ఇద్దరు యువకులు అక్టోబర్ చివరిలోగా చనిపోయారు. స్టేడియంలో బారులు తీరిన 1,12,000 మందికి పైగా జనాన్ని పరీక్షించగా 249 మంది ఒంటి మీదో, లోపలో కాలుష్యం కనబడింది. పాపను సీసపు పెట్టెలో పెట్టి పూడ్చబోతే, శ్మశానం పాడవుతుందని జనం రాళ్లు రువ్వారు. ఈ చరిత్రలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ బస్సు ప్రయాణమే. నగరంలో ఇన్ని సంస్థలుండగా, కారణాన్ని పసిగట్టింది ఏ అధికారమూ లేని ఒక గృహిణి.

అంతకు నాలుగేళ్ల ముందే మెక్సికోలోని సియుదాద్ హువారెస్‌లో ఇలాంటిదే జరిగింది. గిడ్డంగిలో పడి ఉన్న కోబాల్ట్ యంత్రాన్ని తుక్కు కింద అమ్మారు. అందులోని ఆరువేల చిల్లర గుళికలు దారి పొడవునా రాలాయి, మిగిలినవి ఇనుముతో కలిసి కొలిమిలో కరిగి ఇంటి కట్టడపు కడ్డీలయ్యాయి. 1984 జనవరిలో ఆ కడ్డీల లారీ ఒకటి అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల గేటు దగ్గరికి వెళ్లడం వల్ల అక్కడి వికిరణ సూచిక మోగింది. లేకపోతే ఇంకెన్నాళ్లకు తెలిసేదో. ఆ కడ్డీలతో కట్టిన వందల ఇళ్లను కూలగొట్టవలసి వచ్చింది.

ఈ రెండు ఘటనల్లో దొంగతనం ఉంది, ఉద్దేశపూర్వక దుర్మార్గం లేదు. భద్రత, రక్షణ అనే విభజన ఇక్కడ పనిచేయదని మీకు అర్థమై ఉంటుంది. తలుపుకు తాళం ఉండి ఉంటే రెండూ దక్కేవి. ఏ యంత్రానికి ఎంత తాళం అని చెప్పే అంతర్జాతీయ పట్టిక మాత్రం అప్పటికి లేదు.

4. అయిదు కేటగిరీలు ఎలా వచ్చాయి

1998లో ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో జరిగిన సదస్సు తరవాత అంతర్జాతీయ అణుశక్తి సంస్థ రేడియోధార్మిక వనరుల వర్గీకరణకు పూనుకుంది. 2000లో మొదటి పట్టిక వచ్చింది. ఆ తరవాత రెండు సంఘటనలు వెంటవెంటనే దాన్ని పనికిరానిదిగా చేశాయి. ఒకటి 2001 సెప్టెంబర్ 11 దాడులు. సాధారణ పేలుడు పదార్థానికి సీసియం లాంటిది కలిపి వెదజల్లే "మురికి బాంబు" అన్న మాట అప్పటినుంచే పత్రికల్లో మామూలైంది. ప్రాణనష్టం కంటే భయం, శుద్ధి ఖర్చు ఇందులో ఎక్కువ. రెండోది అదే డిసెంబర్‌లో జార్జియా దేశపు లియా గ్రామం దగ్గర జరిగింది. అడవికి కట్టెల కోసం వెళ్లిన ముగ్గురికి రెండు లోహపు వస్తువులు కనిపించాయి. చుట్టూ మంచు కరిగి ఆవిరి లేస్తోంది. చలి రాత్రి వాటిని వీపుకు ఆనించుకుని వెచ్చగా పడుకున్నారు. అవి సోవియట్ కాలపు రేడియో రిలే కేంద్రానికి కరెంటు ఇచ్చిన స్ట్రాన్షియం-90 వనరులు. రాజ్యం పోయింది, దాని సామగ్రి అడవిలో మిగిలింది. ముగ్గురిలో ఒకరు రెండున్నరేళ్ల చికిత్స తరవాత మరణించారు.

2003 మార్చిలో వియన్నాలో రేడియోధార్మిక వనరుల రక్షణపై పెద్ద సదస్సు జరిగింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో సంస్థ పాలకమండలి ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. సవరించిన అయిదు కేటగిరీల పట్టిక ఆ ఏడాదే వచ్చి, 2005లో మార్గదర్శకంగా స్థిరపడింది.

లెక్క కష్టమేమీ కాదు. ప్రతి ఐసోటోపుకు ఒక ప్రమాద విలువ నిర్ణయించారు. అదుపు తప్పితే మనిషిని చంపగల లేదా శాశ్వతంగా దెబ్బతీయగల పరిమాణం అది. కోబాల్ట్-60కి 0.03 టెరాబెక్వెరెళ్లు, సీసియం-137కు 0.1, స్ట్రాన్షియం-90కి 1. మన దగ్గరున్న వనరు తీవ్రతను ఈ విలువతో భాగించాలి. భాగఫలం 1000, ఆ పైన అయితే మొదటి కేటగిరీ: కవచం లేకుండా దగ్గరుంటే నిమిషాల నుంచి గంటలోపే ప్రాణాంతకం కావచ్చు. 10 నుంచి 1000 లోపు రెండోది: గంటల నుంచి రోజులు. 1 నుంచి 10 లోపు మూడోది: రోజుల నుంచి వారాలు, అదీ అరుదుగా. 1 కంటే తక్కువైతే నాలుగు, 0.01 కంటే తక్కువైతే అయిదు. మొదటి మూడింటికే నియమావళి ఎక్కువ శ్రద్ధ పెట్టింది. వాటికి వరసగా మూడు స్థాయిల రక్షణ సూచించారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: గొయానియా యంత్రంలో 50.9 టెరాబెక్వెరెళ్ల సీసియం-137 ఉంది. లియా వనరుల్లో ఒక్కొక్కటి సుమారు 1295 టెరాబెక్వెరెళ్ల స్ట్రాన్షియం-90. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో 1400 కిలోమీటర్ల రహదారి మీద లారీలోంచి జారిపోయి, ఫిబ్రవరి 1న దొరికిన చిన్న గొట్టంలో 0.019 టెరాబెక్వెరెళ్ల సీసియం-137. వీటి కేటగిరీలు ఏమిటి? ముందు మీరే వేసి చూడండి.

లియా వనరుకు 1295 వస్తుంది, మొదటి కేటగిరీ. ఆస్ట్రేలియా గొట్టానికి 0.19, నాలుగో కేటగిరీ. వారం పాటు వెతికిన వస్తువు పట్టికలో ఇంత కిందన ఉండటం గమనించదగ్గది. గొయానియాకు 509 వస్తుంది కాబట్టి రెండో కేటగిరీ అని మీరు రాసి ఉంటారు. అంకె ప్రకారం అది సరైనదే. కాని పట్టిక తయారుచేసినవారు అంకెతోనే ఆగలేదు. వాడకం ఏమిటి, పరికరం కదిలించడానికి ఎంత వీలు, గతంలో ఏ ప్రమాదాలు జరిగాయి అని కూడా చూశారు. దూరం నుంచి గామా చికిత్స చేసే యంత్రాలన్నింటినీ, భాగఫలం తక్కువ వచ్చినా, మొదటి కేటగిరీలోనే ఉంచారు. గొయానియాలో చనిపోయిన నలుగురూ అలా ఒక వరసగా పట్టికలోకి ఎక్కారు. పరిశ్రమల్లో వెల్డింగు అతుకులు పరీక్షించే రేడియోగ్రఫీ కెమెరాలు రెండో కేటగిరీ. కృష్ణా-గోదావరి బేసిన్‌లో లాగా చమురు బావులు తవ్వేచోట భూమి పొరల్ని చదవడానికి దించే వనరులు మూడోది.

5. మాయాపురి

మన దేశంలో ఈ పట్టికకు అసలు పరీక్ష 2010లో ఎదురైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో గామాసెల్ అనే పరికరం ఉండేది. సుమారు నాలుగు దశాబ్దాల కిందట కెనడా నుంచి తెప్పించినది. 1985 నుంచి ఎవరూ వాడలేదు. 2010 ఫిబ్రవరిలో పాత సామగ్రితో కలిపి వేలం వేశారు. మాయాపురి తుక్కు మార్కెట్‌లో దాన్ని విప్పారు, సీసం వేరుచేశారు, లోపలి కోబాల్ట్-60 ముక్కలు దుకాణాల మధ్య చేతులు మారాయి. ఒకతను చిన్న ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగాడు. ఏప్రిల్ మొదట్లో ఆసుపత్రిలో చేరినవారి చర్మం నల్లబడటం చూసి వైద్యులు అనుమానించాకే విషయం బయటపడింది. ఒక కార్మికుడు మరణించాడు, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు.

"ఇంత పాత యంత్రంలో ఇంకేముంటుంది?" అన్న ప్రశ్న వస్తుంది. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు. అలాంటి పరికరంలో మొదట 111 టెరాబెక్వెరెళ్లు ఉన్నాయనుకోండి. 40 ఏళ్లకు అందులో సుమారు రెండువందలో వంతు, అంటే 0.6కు కొంచెం తక్కువ మిగులుతుంది. 0.03తో భాగిస్తే 19. మొదటి కేటగిరీలో పుట్టిన యంత్రం నలభై ఏళ్ల తరవాతా రెండో కేటగిరీలోనే ఉంది.

నేను పనిచేసిన ఒక కళాశాలలో స్టాకు తనిఖీ కమిటీలో చాలా ఏళ్లు ఉన్నాను. సైన్సు విభాగం స్టోరు గదిలో బరువైన ఒక పాత పెట్టె ఉండేది. రిజిస్టర్‌లో దాని ఎదురుగా "పరికరం, ఒకటి" అని మాత్రమే రాసి ఉంది. కొన్నవారు రిటైరయ్యారు, తరవాత వచ్చినవారికి తెలియదు. మేమంతా సంతకాలు పెట్టి కండెమ్ చేశాం. అందులో ప్రమాదకరమైనదేదీ లేదని తరవాత తెలిసింది. కాని సంతకం పెట్టిన రోజున ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. మాయాపురి వార్త చదివినప్పుడు నాకు ఆ రిజిస్టర్ పేజీయే కళ్లముందు మెదిలింది. వనరుకు కేటగిరీ ఎంతయినా, రిజిస్టర్‌లో దాని పేరు లేకపోతే ప్రయోజనం లేదు.

మన దగ్గర చట్టం లేదని కాదు. 1962లోనే అణుశక్తి చట్టం వచ్చింది. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఉంది. 2004 వికిరణ రక్షణ నియమాలున్నాయి. వనరుల రక్షణపై మండలి 2011లో ప్రత్యేక మార్గదర్శకం తెచ్చింది, ఆ తరవాత లైసెన్సులు, వనరుల వివరాలు ఈ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వచ్చాయి. పాత కాలంలో, ఈ వ్యవస్థలకు ముందే దేశంలోకి వచ్చిన వస్తువుల సంగతే చిక్కు.

6. ఇంకా తేలని తగాదాలు

ఈ పట్టిక మీద నిపుణుల మధ్య విభేదాలు తీరలేదు. మూడో కేటగిరీ వనరులు కొన్నింటిని ఒకచోట చేరిస్తే రెండో కేటగిరీ అవుతుంది. కాబట్టి విడివిడిగా తక్కువ రక్షణ చాలనడం సరికాదన్నది ఒక వాదన. 2007లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం అధికారులు లేని కంపెనీ పేరుతో లైసెన్సు సంపాదించి చూపించి, ఈ వాదనకు బలం చేకూర్చారు. ఇంకో విమర్శ లోతైనది. పట్టిక ప్రాణనష్టాన్నే కొలుస్తుంది. ఒక నగరపు కూడలి నెలల తరబడి మూతపడితే పోయే బతుకుతెరువును అది లెక్కలోకి తీసుకోదు. నా అభిప్రాయంలో రెండో విమర్శకు ఎక్కువ విలువ ఇవ్వాలి. గొయానియాలో మరణించినవారు నలుగురే. అక్కడి వారి వస్తువులు కొనడానికి, వారికి హోటల్ గది ఇవ్వడానికి ఇతర ఊళ్లవాళ్లు నిరాకరించిన కాలం చాలాకాలం సాగింది.

నియమావళి కూడా ఒప్పందం కాదు, రాజకీయ వాగ్దానం మాత్రమే. 130కి పైగా దేశాలు దాన్ని పాటిస్తామని రాసిచ్చాయి, తప్పితే శిక్ష లేదు. ఈ లోగా కొన్ని దేశాలు సమస్యను మూలంలోనే తగ్గించే దారి పట్టాయి. రక్తానికి వికిరణం ఇచ్చే సీసియం యంత్రాల స్థానంలో నార్వే, ఫ్రాన్స్ ఎక్స్-రే యంత్రాలు పెట్టాయి. స్విచ్ తీస్తే ఎక్స్-రే ఆగిపోతుంది, దొంగకు అందులో దొరికేదేమీ ఉండదు.

2013 డిసెంబర్‌లో మెక్సికోలో ఆసుపత్రి కోబాల్ట్ యంత్రాన్ని వ్యర్థాల నిల్వకు తీసుకెళ్తున్న లారీని దుండగులు ఎత్తుకుపోయారు. వనరు తీవ్రత 111 టెరాబెక్వెరెళ్లు, భాగఫలం 3700. వారికి కావలసింది లారీ. లోపల ఏముందో తెలియదు. రెండురోజుల్లో వనరు పొలంలో దొరికింది.

ఎవరికి తెలియాలి అన్న ప్రశ్నకు ఒక ప్రయత్నం 2007లో జరిగింది. మీరు చూసే మూడు రెక్కల వికిరణ గుర్తు 1946లో అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాలలో పుట్టింది. దాన్ని నేర్చుకోనివారికి అది ఫ్యాను రెక్కలా కనిపిస్తుంది. 11 దేశాల్లో ప్రజల మీద పరీక్షించి కొత్త గుర్తు తయారుచేశారు. ఎర్రటి త్రిభుజంలో పై నుంచి కిరణాలు, పుర్రె, పరుగెత్తే మనిషి. మొదటి మూడు కేటగిరీల వనరులకే దీన్ని వాడతారు. పరికరం బయట కాకుండా లోపల, విప్పుతున్నవాడి కంటికి ఆనేలా వనరు పక్కన అతికిస్తారు. కేటగిరీ పట్టికను పాత ఇనుము విప్పేవాడి దగ్గరికి తీసుకెళ్లిన మొదటి పని ఇదేనని నేను అనుకుంటాను. కొత్తగా తయారయ్యే పరికరాల్లో ఆ గుర్తు వస్తోంది. 2007కు ముందు తయారై ఇప్పటికీ స్టోరు గదుల్లో ఉన్నవాటి లోపల పాత మూడు రెక్కల గుర్తే ఉంది, అదీ చెరిగిపోకుండా మిగిలి ఉంటే.